ఎరువుల పరిశ్రమలో ఉత్ప్రేరకము: దాని క్షీణత, పునరుద్ధరణ

తొలకరి వానలు కురిసి నాగావళి, వంశధార నదులకు క్రొత్తనీరు వచ్చుటతోడనే శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల రైతులు నారుమళ్ళ పనిలో మునుగుదురు. ఆ దినములలో సహకార సంఘముల గిడ్డంగుల వద్దను, రైతు సేవా కేంద్రముల వద్దను తరచుగా వినవచ్చెడి మాట ఎరువు. బస్తా వచ్చినదా, ధర యెంత, ఎకరమునకు మోతాదు ఎంత అను సంగతులు ప్రతి రైతునకును తెలియును. కాని ఆ బస్తా తయారగుటకు ముందు ఏమేమి జరుగవలెనో తెలిసికొను అవకాశము గ్రామములలో తక్కువ.

ఒక చిన్న లెక్క చూతము. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో నత్రజని 9 కిలోలును, ఎరువుల లెక్క ప్రకారము భాస్వరము 23 కిలోలును ఉండును. గనులలో దొరకెడి ఫాస్ఫేటు రాయి నీటిలో కరుగదు. పైరు దానిని నేరుగా గ్రహింపజాలదు. ఆ రాయిపై గంధకామ్లమును ప్రయోగించి ఫాస్ఫారికామ్లము తీసిన పిదపనే డి.ఎ.పి. తయారగును. 23 కిలోల భాస్వరమునకు సుమారు 60 కిలోల గంధకామ్లము ఖర్చగును. అనగా బస్తా బరువు కంటె దాని వెనుక ఖర్చైన ఆమ్లపు బరువే ఎక్కువ. సూపర్ ఫాస్ఫేటు ఎరువునకు కూడ ఈ ఆమ్లమే ఆధారము.

ఈ గంధకామ్లమును తయారుచేయు కర్మాగారములో ఒక వస్తువు కలదు. అది ఆమ్లములో కలియదు, ఎరువులో కనిపించదు, బస్తాపై దాని పేరుండదు. కాని అది పని మానినచో కర్మాగారమే నిలిచిపోవును. దానినే ఉత్ప్రేరకము అందురు. అది ఎట్లు పనిచేయునో, ఏల క్షీణించునో, క్షీణించిన దానిని మరల పనిలోనికి ఎట్లు తెత్తురో ఈ వ్యాసమున వివరింపదలచితిమి. ఇది ఇంజనీర్లకు మాత్రమే చెందిన విషయమని తలపరాదు. మన జిల్లాల నుండి ఎందరో యువకులు విశాఖపట్నము మొదలుకొని దూరప్రాంతముల వరకు కర్మాగారములలో కాంట్రాక్టు పనులకు పోవుచున్నారు. ఉత్ప్రేరకమును దించుట, జల్లించుట, తిరిగి నింపుట వంటి పనులు అట్టివారి చేతిమీదుగనే జరుగును. వారి ఆరోగ్యమును, కర్మాగారముల చుట్టునుగల పల్లెల గాలియు, భూమియు ఈ విషయముతో ముడిపడి యున్నవి.

ఉత్ప్రేరకమనగా నేమి?

గరివిడి, చీపురుపల్లి ప్రాంతముల వారికి మాంగనీసు ఖనిజము క్రొత్త కాదు. 19వ శతాబ్ది చివరి దశకములో విజయనగరము సీమలోనే భారతదేశమున మాంగనీసు త్రవ్వకమునకు నాంది జరిగినది. ఈ ఖనిజములో అధికభాగము ఉక్కు పరిశ్రమకు పోవునదే యైనను, దానిలోని మాంగనీసు డయాక్సైడు అను నల్లని పదార్థము చక్కని ఉత్ప్రేరకము కూడ. ఉన్నత పాఠశాలలో హైడ్రోజన్ పెరాక్సైడు ద్రావణములో ఈ నల్లపొడిని చిటికెడు వేసి చూపుదురు. వేసినంతనే ద్రావణము బుసబుస పొంగి ప్రాణవాయువు వెలువడును. అగరువత్తి నిప్పును దగ్గరకు చేర్చినచో అది ధగధగ వెలుగును. పొంగు చల్లారిన పిమ్మట ఆ పొడిని వడగట్టి, ఆరబెట్టి తూచినచో మొదటి తూకమే వచ్చును.

ఒక రసాయనిక మార్పును త్వరితపరచి, తాను మాత్రము ఖర్చు కాకుండ మిగులునదే ఉత్ప్రేరకము. పెండ్లి కుదిర్చెడి పెద్దమనిషి ఇరువైపుల వారిని కలిపి, సంబంధము కుదిరినంతనే తాను తప్పుకొని మరియొక ఇంటికి పోవునుగదా! ఉత్ప్రేరకపు పని కూడ అట్టిదే. ఒక పదార్థమునకు ప్రాణవాయువును చేర్చు మార్పును ఆక్సీకరణము అందురు. ఆ పనికి తోడ్పడునది ఆక్సీకరణ ఉత్ప్రేరకము.

ఉత్ప్రేరకము మార్పు చెందదని పాఠ్యపుస్తకములు చెప్పును. ప్రయోగశాలలో ఒక గడియసేపు అది సత్యమే. కాని కర్మాగారములో రేయింబవళ్ళు, సంవత్సరముల తరబడి, ఎర్రగా కాగిన వేడిలో, ధూళితోను ఆమ్లపు ఆవిరితోను నిండిన వాయువుల నడుమ పనిచేయవలసినపుడు ఏ వస్తువునకైనను అలసట తప్పదు.

విశాఖపట్నమున గంధకామ్ల పరిశ్రమ

మన జిల్లాలకు దగ్గరలో ఈ పరిశ్రమను విశాఖపట్నమున చూడవచ్చును. పారీ సంస్థయు, రెండు అమెరికా సంస్థలును కలిసి 1961లో స్థాపించిన కోరమాండల్ ఫెర్టిలైజర్స్ సంస్థ 1967లో అచ్చట ఎరువుల ఉత్పత్తి ప్రారంభించినది. నేడది కోరమాండల్ ఇంటర్నేషనల్ అను పేర నడచుచున్నది. 2023లో అచ్చట మరియొక పెద్ద గంధకామ్ల విభాగము పనిలోనికి వచ్చినది. హిందూస్తాన్ జింక్ సంస్థ 1977లో విశాఖపట్నమున నెలకొల్పిన తుత్తునాగపు కర్మాగారములో ఖనిజమును కాల్చగా వచ్చెడి గంధకపు వాయువు నుండి కూడ ఈ ఆమ్లమును తయారుచేసిరి. ఆ కర్మాగారము 2012లో మూతపడినది.

గంధకమును గాలిలో కాల్చిన ఘాటైన సల్ఫర్ డయాక్సైడు వాయువు వచ్చును. దీపావళి మందుగుండు కాల్చునపుడు ముక్కును మండించెడి వాసనలో నున్నది ఇదియే. దీనికి మరికొంత ప్రాణవాయువు చేరినచో సల్ఫర్ ట్రయాక్సైడు అగును; దానిని గాఢ గంధకామ్లములో పీల్పించి, తగినంత నీరు చేర్చినచో మరింత గంధకామ్లము తయారగును. చిక్కంతయు నడిమి మెట్టులోనే యున్నది. ఆ రెండవమారు ప్రాణవాయువు చేరుట మిక్కిలి మందకొడిగా జరుగును. వేడిని విపరీతముగా పెంచినచో త్వరితముగ జరుగును గాని, చేరిన ప్రాణవాయువు తిరిగి విడిపోవును. బెల్లపు పాకము ముదిరినను చెడును, పాకము పట్టకున్నను చెడును, ఇదియు అట్లే. మధ్యస్థమైన వేడిలో పని త్వరగా జరుగవలెనన్నచో ఉత్ప్రేరకము కావలసినదే.

ఈ మార్గమును 1831లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరపు సిర్కా వర్తకుడు పెరిగ్రిన్ ఫిలిప్స్ కనుగొనెను. ఆయన వాడిన ఉత్ప్రేరకము ప్లాటినము. కాని ఆ పద్ధతి పరిశ్రమగా నిలదొక్కుకొనుటకు అనేక దశాబ్దములు పట్టెను. ఖనిజమును కాల్చిన వాయువులోని పాషాణము, అనగా ఆర్సెనిక్, ప్లాటినమును చంపివేయుచుండుట దానికొక ముఖ్య కారణము. జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ నీచ్ 19వ శతాబ్ది చివర ఈ రహస్యమును తేల్చి, వాయువును ముందుగా చక్కగా శుద్ధిచేయు విధానమును రూపొందించెను. తరువాత ప్లాటినమునకు బదులుగా చౌకయైనదియు, విషములకు ఎక్కువ ఓర్చుకొనునదియు నగు వెనేడియము ఉత్ప్రేరకము వాడుకలోనికి వచ్చినది. నేడు ప్రపంచమంతట గంధకామ్ల పరిశ్రమకు అదియే ఆధారము.

పాత్రలోని అమరిక

ఈ ఉత్ప్రేరకము చిన్న చేగోడీల వలె నడుమ రంధ్రము గల బిళ్ళల రూపమున నుండును. బిళ్ళలోని అధికభాగము సన్నని రంధ్రములతో నిండిన సిలికా మట్టి. దానిలో నూటికి 4 నుండి 9 వంతుల వరకు వెనేడియము పెంటాక్సైడును, దానికి తోడుగ పొటాషియము లవణములును ఉండును. కొన్ని రకములలో సీసియము అను లోహపు లవణములను కూడ చేర్చుదురు. పనిచేయు వేడిలో ఈ లవణములు కరగి, మట్టిలోని సన్నని రంధ్రముల గోడలపై పలుచని పూతవలె పరచుకొనును. ప్రమిద మట్టి నూనెను పట్టియుంచునట్లు సిలికా ఈ ద్రవమును పట్టియుంచును. వాయువులు ఈ పూతలో కలిసి, మార్పు చెంది, బయటికి వచ్చును.

ఇట్టి బిళ్ళలను ఒక పెద్ద ఉక్కు పాత్రలో సాధారణముగా నాలుగు అరలలో పరుతురు. రోజుకు 1000 టన్నుల ఆమ్లము తయారుచేయు విభాగములో ఇవి వందకు పైగా ఘనపు మీటర్లు ఉండును. వాయువు సుమారు 400 నుండి 420 డిగ్రీల సెంటీగ్రేడు వేడితో మొదటి అరలో ప్రవేశించును. ప్రాణవాయువు చేరునపుడు వేడి పుట్టును గనుక బయటికి వచ్చునప్పటికి అది 600 డిగ్రీలకు చేరును. దానిని చల్లార్చి తరువాతి అరకు పంపుదురు. మూడవ అర తరువాత తయారైన భాగమును ఆమ్లములో పీల్పించి, మిగిలిన వాయువును నాలుగవ అరకు పంపెడి పద్ధతిలో నూటికి 99.7 వంతులకు పైగా మార్పు సాధించవచ్చును.

క్షీణతకు నాలుగు కారణములు

ఉత్ప్రేరకము క్షీణించుట అనునది ఒకే రోగము కాదు. నాలుగు విధములైన రోగములు కలవు. వాని చికిత్సలును వేరు. కావున ముందు నిదానము తెలియవలెను.

మొదటిది పూడిక. గంధకములోని బూడిద, గొట్టముల నుండి రాలెడి తుప్పు, గాలిలోని ధూళి మొదటి అర పైభాగమున పేరుకొని బిళ్ళల సందులను మూసివేయును. పంటకాలువలో ఒండ్రు చేరినచో చివరి భూములకు నీరందనట్లు, వాయువునకు దారి తక్కువగును. పంకా మరింత బలముతో నెట్టవలసివచ్చి విద్యుచ్ఛక్తి ఖర్చు పెరుగును. తుదకు ఉత్పత్తి తగ్గించుకొనవలసివచ్చును. ఇచ్చట బిళ్ళలోని శక్తి చాలవరకు చెక్కుచెదరదు. దారి మాత్రమే మూసుకొనిపోవును.

రెండవది చల్లబడి గడ్డకట్టుట. వేడి సుమారు 400 డిగ్రీలకంటె తగ్గినపుడు కరగిన పూతలోని వెనేడియము ప్రాణవాయువును కోల్పోయిన రూపమునకు మారి, ఘనపదార్థముగా విడివడును. చలికాలములో నేయి పేరుకొన్నట్లు పూత పని మానివేయును. కర్మాగారమును నిలుపునపుడు, తిరిగి నడుపునపుడు, వేడిని సరిగా కాపాడనపుడు ఇట్లు జరుగును. నిలుపుదల సమయమున తేమ సోకినచో మరింత ప్రమాదము. బిళ్ళలలో మిగిలిన ట్రయాక్సైడు తేమతో కలిసి అచ్చటనే ఆమ్లమగును. బిళ్ళలు ఉబ్బి, మెత్తబడి, పొడియగును.

మూడవది విషము. ఆర్సెనిక్ వెనేడియముతో కలిసి, ఎక్కువ వేడిలో దానిని ఆవిరిరూపమున తనతో తీసికొనిపోవును. క్లోరిన్ కూడ వెనేడియమును ఆవిరిచేసి దొంగిలించును. ఫ్లోరిన్ సిలికా మట్టినే తినివేయును. లోహపు ఖనిజములను కాల్చు కర్మాగారములలో ఈ భయము హెచ్చు. శుద్ధమైన గంధకమును కాల్చు కర్మాగారములలో తక్కువ.

నాలుగవది మాడుట. వేడి 650 డిగ్రీల సమీపమునకు చేరి చాలకాలము నిలిచినచో మట్టిలోని సన్నని రంధ్రములు మూసికొనిపోవును. మెత్తని బంకమట్టి నీటిని పీల్చును. ఆవములో అతిగా కాలి నల్లబడిన చిట్టెపు ఇటుక నీటిని పీల్చదు. దానిని తిరిగి మట్టిగా చేయుట ఎవ్వరి తరమును కాదు. మాడిన ఉత్ప్రేరకపు స్థితి అట్టిదే.

పునరుద్ధరణ విధానము

వైద్యుడు నాడి చూచునట్లు ఇంజనీరు ప్రతి అరకును రెండు కొలతలు చూచును. వాయువు లోనికి పోవునపుడును, బయటికి వచ్చునపుడును గల ఒత్తిడిలో తేడా ఒకటి. వేడిలో తేడా రెండవది. ఒత్తిడిలో తేడా పెరిగినచో అది పూడికకు గుర్తు. మొదటి అరలో వేడి పెరుగుదల తగ్గి, రెండవ అరలో ఎక్కువైనచో మొదటి అర చేయవలసిన పని రెండవ దానిపై పడినదని తెలియును. కర్మాగారము నిలిచినపుడు అరల నుండి కొన్ని బిళ్ళలను తీసి ప్రయోగశాలలో పరీక్షింతురు.

పేరుకొనిన ఉత్ప్రేరకమునకు చికిత్స తేలిక. దానిని పాత్రలో నుండి తీయనక్కరలేదు. వేడిగాలిని పంపి అరను బాగుగ కాచినచో విడివడిన వెనేడియము తిరిగి పూతలో కరగి, ప్రాణవాయువును గ్రహించి, మొదటి రూపము పొందును. ఐతే పేరుకొన్న స్థానమునకు కొంచెము పైన కాచిన చాలదు. మరికొన్ని పదుల డిగ్రీలు పైకి తీసికొనిపోవలెను. పేరుకొన్న నేతిని కరగించుటకు కూడ అది పేరుకొన్న నాటి వేడి చాలదు గదా!

పూడికకు చికిత్స మన రైతులకు సుపరిచితమైనదే, పూడిక తీయుట. ఉత్పత్తిని నిలుపుటకు ముందు గంధకమును కాల్చుట మాని, వేడియైన పొడిగాలిని చాలసేపు అరల గుండ పంపుదురు. దీనితో బిళ్ళలలో దాగిన ట్రయాక్సైడు వెడలిపోవును. ఈ పనిని తొందరపడి సగములో వదలినచో, చల్లారిన పిదప బిళ్ళలు ఆమ్లముతో తడిసి పాడగును. పాత్ర చల్లారిన తరువాత పెద్ద గొట్టముతో బిళ్ళలను పీల్చి బయటికి తీసి, యంత్రపు జల్లెడపై జల్లింతురు. ధూళియు, విరిగిన ముక్కలును క్రిందికి రాలును. మంచి బిళ్ళలు పైన నిలుచును. వానిని తేమ తగులకుండ మూతలు బిగించిన డ్రమ్ములలో భద్రపరచి, తిరిగి అరలో పరతురు. తరిగిన మేరకు క్రొత్త బిళ్ళలను చేర్చుదురు. మొదటి అరకు ఈ పని ఒకటి రెండేండ్లకు ఒకమారు అవసరము కావచ్చును. క్రింది అరలకు అంత తరచుగ అక్కరలేదు. సరిగా కాపాడినచో మొదటి అరలోని ఉత్ప్రేరకము సుమారు ఐదేండ్లును, తక్కిన అరలలోనిది పదేండ్లును ఆపైనను పనిచేయగలదు.

విషము సోకినదానికిని, మాడినదానికిని పాత్రలో చేయదగిన చికిత్స లేదు. దానిని తీసివేసి క్రొత్తది వేయవలసినదే. అట్లని అది వ్యర్థమైపోదు. తగిన అనుమతులు గల కర్మాగారములలో ఆ బిళ్ళలను పొడిచేసి, ద్రావణములలో నానబెట్టి, వెనేడియమును రాబట్టుదురు. ఆ వెనేడియము గట్టి ఉక్కు తయారీకి పనికివచ్చును. ఉత్ప్రేరకపు బ్రతుకు ముగిసినను లోహపు బ్రతుకు ముగియదు.

దీనినిబట్టి ఒక సత్యము తెలియుచున్నది. నాలుగు రోగములలో రెండింటికి చికిత్స కలదు, రెండింటికి లేదు. కావున చికిత్స కంటె రక్షణ మేలు. కరగిన గంధకమును కాల్చుటకు ముందే బూడిద లేకుండ వడగట్టుట, గాలిని గాఢ గంధకామ్లముతో తాకించి తేమను తొలగించుట, ఖనిజముల వాయువును చక్కగా కడుగుట, వేడిని హద్దులో నుంచుట అను నాలుగు జాగ్రత్తలే ఉత్ప్రేరకమునకు దీర్ఘాయువు.

ఇతర ఉదాహరణములు

అలసిన ఉత్ప్రేరకమును తిరిగి పనికి తెచ్చు పద్ధతి ఈ పరిశ్రమకే పరిమితము కాదు. 1957లో కాల్టెక్స్ సంస్థ విశాఖపట్నమున నెలకొల్పిన చమురుశుద్ధి కర్మాగారము నేడు హిందూస్తాన్ పెట్రోలియం ఆధ్వర్యమున నడచుచున్నది. బరువైన నూనెను పెట్రోలు వంటి తేలిక నూనెలుగా విడగొట్టు ఉత్ప్రేరకము కొద్ది క్షణములలోనే మసిబారిపోవును. ఇది ఆక్సీకరణ ఉత్ప్రేరకము కాదు. కాని దాని చికిత్స ఆక్సీకరణమే. మసిబారిన పొడిని ప్రక్కనున్న పాత్రలోనికి పంపి, గాలితో ఆ మసిని కాల్చివేసి, శుభ్రమైన పొడిని తిరిగి పనికి పంపుదురు. ఈ రాకపోకలు ఎడతెగక సాగును.

త్రాగునీటికి చెందిన ఉదాహరణము కూడ కలదు. ఇనుము ఎక్కువగానున్న బోరునీటిని శుద్ధిచేయుటకు మాంగనీసు డయాక్సైడు పూతగల ఇసుకను వాడుదురు. నీటిలో కరగియున్న ఇనుము ఆ పూతను తాకి, తుప్పుగా మారి, ఇసుకలో చిక్కుకొనును. కొంతకాలమునకు పూత శక్తి తగ్గును. అపుడు నీటిని ఎదురుదారిన పంపి తుప్పును కడిగివేసి, పూర్వము గ్రామములలో నూతులలో వేసెడి ఊదారంగు పొటాషియం పర్మాంగనేటు ద్రావణముతో ఆ ఇసుకను తడిపినచో పూత తిరిగి శక్తి పొందును.

నేడు గ్రామములలో తిరిగెడి మోటారు సైకిళ్ళ పొగగొట్టములలో కూడ ఆక్సీకరణ ఉత్ప్రేరకము కలదు. అది ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడును హాని తక్కువ వాయువుగా మార్చును. పెట్రోలులోని సీసము దానికి విషము. 2000 సంవత్సరము ఫిబ్రవరి 1 నుండి దేశమంతట సీసము కలిపిన పెట్రోలు అమ్మకము నిలిపివేయుటకు ఇదియు ఒక కారణము. కల్తీ ఇంధనము వాడినను, ఇంజను ఆయిలు పొగలో కాలుచున్నను ఈ ఉత్ప్రేరకము పాడగును. దీనిని ఇంటివద్ద బాగుచేయు ఉపాయము లేదు గనుక కల్తీ పెట్రోలు చౌకయని కొనుట నష్టదాయకము.

పల్లెలకు దీనితో సంబంధమేమి?

మరల గంధకామ్లమునకు వత్తము. ఉత్ప్రేరకము చక్కగా నుండి నూటికి 99.7 వంతుల మార్పు జరిగినచో 1000 టన్నుల ఆమ్లమునకు సుమారు 2 టన్నుల సల్ఫర్ డయాక్సైడు మాత్రమే పొగగొట్టమునకు చేరును. మార్పు 98 వంతులకు తగ్గినచో అది 13 టన్నులగును. నూటికి రెండు వంతులు కూడ తేడా లేదుగదా అని అనిపించును. కాని గాలిలో కలియు వాయువు ఆరు రెట్లకు పైగా పెరిగినది! ఈ వాయువు మితిమీరినచో ఆకుల ఈనెల నడుమ భాగము తెల్లబారి ఎండిపోవును. ఉబ్బసము గలవారికి ఊపిరి బరువగును. కావున ఉత్ప్రేరకమును సకాలమున బాగుచేయుట యజమాని లాభమునకే గాక, చుట్టుప్రక్కల పైరులకును ప్రజలకును మేలు.

ఇక పనివారి సంగతి. జల్లెడ పట్టునపుడు లేచెడి ధూళిలో వెనేడియము, సిలికా, ఆమ్లము ఉండును. అది కన్నులను, గొంతును, ఊపిరితిత్తులను మండించును. వెనేడియము ధూళిని ఎక్కువగా పీల్చినవారి నాలుక ఆకుపచ్చగా మారుట వైద్యులు ఎరిగిన గుర్తు. పాత్రలోపలి గాలి ప్రాణవాయువు లేనిది కావచ్చును, విషవాయువు నిలిచియుండవచ్చును. ఇట్టి పనులకు పోవు మన సోదరులు ఈ క్రింది విషయములు గుర్తుంచుకొనవలెను.

1. లోపలి గాలిని పరీక్షించి, తగిన అధికారి వ్రాతపూర్వకముగ అనుమతించిన పిదపనే పాత్రలోనికి దిగవలెను. నడుమునకు పట్టీ, దానికి త్రాడు, త్రాడు పట్టుకొని బయట నిలిచిన మనిషి ఉండవలెను. ఇట్టి రక్షణలను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే నిర్దేశించినది. ఇది ఎవరో దయతో ఇచ్చెడి సౌకర్యము కాదు.

2. ముఖమునకు తువాలు చుట్టుకొనుట చాలదు. సన్నని ధూళిని ఆపగల ముసుగు, కండ్లద్దములు, చేతి తొడుగులు, ఒంటినిండ దుస్తులు అడిగి తీసికొనవలెను.

3. పని ముగిసినంతనే స్నానము చేసి, బట్టలు మార్చుకొనవలెను. ఆ బట్టలను ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలిపి ఉతుకరాదు. చేతులు, నోరు కడుగుకొనక తినుట, బీడీ కాల్చుట తగదు.

4. దగ్గు, ఆయాసము, ఛాతీలో పట్టు కనిపించినచో పని స్వభావమును వైద్యునకు విడమరచి చెప్పవలెను. ఏ ధూళిలో పనిచేసినారో చెప్పకున్నచో వైద్యుడు దానిని సామాన్యమైన జలుబుగా తలచు ప్రమాదము కలదు.

5. ఒంటిమీద ఆమ్లము పడినచో వెంటనే ధారాళముగ నీటితో చాలసేపు కడుగవలెను. పసరులు, నూనెలు పూయరాదు.

గ్రామ పంచాయతీలు గమనింపవలసిన విషయము మరియొకటి. వాడి పారవేసిన ఉత్ప్రేరకమును 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నియమములు హానికర వ్యర్థములలో చేర్చినవి. దానిని అనుమతి గల సంస్థలకే అప్పగింపవలెను. ఎచ్చట నుండి ఎచ్చటికి పోయినదో లెక్క ఉండవలెను. బాటలకు కప్పుటకో, పల్లపు నేలలు మెరక చేయుటకో ఉచితముగ మట్టి ఇత్తుమని ఎవరైన లారీలతో తెచ్చినచో అది ఎచ్చటి నుండి వచ్చినదో విచారింపక దింపనీయరాదు. వెనేడియము లవణములు వాననీటిలో కరగి చెరువులోనికిని, నూతిలోనికిని దిగగలవు. అట్లే ఉత్ప్రేరకములు, రసాయనములు నింపిన పాత డ్రమ్ములను చౌకగ వచ్చినవని కొని వానిలో త్రాగునీరు, ధాన్యము, పశువుల దాణా నిలువ చేయుట మిక్కిలి ప్రమాదకరము. ఎంత కడిగినను మూలలలో పొడి మిగులును. అనుమానము కలిగినపుడు ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయమునకో, తహసీలుదారునకో తెలుపుట పంచాయతీ కర్తవ్యము.

పని తగ్గిన ప్రతి వస్తువును పారవేయుట తెలివి కాదు. రోగమేదో తెలియక చికిత్స చేయుటయు తెలివి కాదు. పూడిక పడినదానిని జల్లించి, పేరుకొనినదానిని కాచి, విషము సోకినదాని నుండి లోహమును రాబట్టి, దేనిని ఎట్లు చూడవలెనో అట్లు చూచుటయే ఈ విద్యలోని సారము. సాంకేతిక విద్యాలయములలో చదువుచున్న మన గ్రామీణ యువకులు రసాయన పరిశ్రమలలో కూలీలుగ మాత్రమే గాక, ఈ విద్యను నేర్చిన పనిమంతులుగను, పర్యవేక్షకులుగను ప్రవేశింపవలెనని మా ఆకాంక్ష. బస్తాలోని ఎరువు పైరునకు బలమిచ్చుట ఎంత అవసరమో, ఆ ఎరువు తయారీలో చెమటోడ్చినవాడు ఆరోగ్యముతో ఇంటికి చేరుటయు అంతే అవసరము.